వర్జీనియాలో స్పీడింగ్ టికెట్ పడింది, మీరేమో వేరే స్టేట్‌లో ఉంటారు: లాయర్‌ని ఎలా పట్టుకోవాలి

న్యూజెర్సీ నుంచి షార్లెట్‌కో అట్లాంటాకో కార్లో పోవాలంటే వర్జీనియా దాటాల్సిందే, దాటేటప్పుడు ఎంపోరియా దగ్గరో ఇంకో చోటో వెనకాల లైట్లు వెలిగి కాగితం చేతిలో పడ్డవాళ్ళు ప్రతి లాంగ్ వీకెండ్ తర్వాతా మన వాట్సాప్ గ్రూపుల్లో తేలతారు. "అన్నా 87 కి పట్టుకున్నాడు, ఆన్‌లైన్‌లో కట్టేస్తే అయిపోద్దా?" అని ఒకడు అడుగుతాడు, కింద పది మంది పది రకాలుగా చెప్తారు, అందులో సగం టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో జరిగిన కథలు, ఇక్కడ పనికిరావు. వర్జీనియా సంగతే ఎందుకు రాస్తున్నానంటే వేరే చాలా చోట్ల ఫైన్‌తో పోయేది ఇక్కడ క్రిమినల్ కేసు అవుతుంది, ఆ సంగతి తెలీక కట్టేసి తర్వాత వీసా స్టాంపింగ్ టైంలో తల పట్టుకునేవాళ్ళున్నారు. మిగతా స్టేట్లలో కూడా లాయర్‌ని వెతికే పద్ధతి దాదాపు ఇదే, తేడా ఉన్న ఒకట్రెండు చోట్ల సంగతి చివర్లో చెప్తాను.

ముందు ఆ కాగితం పూర్తిగా చదవండి

ఆఫీసర్ ఇచ్చింది టికెట్ అని మనం అంటాం గానీ దాని మీద వర్జీనియా యూనిఫాం సమన్స్ అని ఉంటుంది. మీతో సంతకం పెట్టించుకుంటాడు, అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి వస్తానని ఇచ్చే మాట అంతే, కాబట్టి సంతకం పెట్టేశానే అని కంగారు పడక్కర్లేదు. దాంట్లో చూడాల్సినవి: ఏ సెక్షన్ రాశాడు, ఏ కోర్టు, ఏ తేదీ ఏ టైం, మీరు కచ్చితంగా రావాలని ఉందా లేక ముందే కట్టేసి రాకుండా ఉండొచ్చని ఉందా.

సెక్షన్ దగ్గర 46.2-862 అని ఉంటే అది స్పీడ్ వల్ల వచ్చే రెక్‌లెస్ డ్రైవింగ్. 46.2-870 దాని తర్వాతి నంబర్లలో ఏదైనా ఉంటే మామూలు స్పీడింగ్. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

రూల్ ఏంటంటే లిమిట్ కన్నా 20 మైళ్ళు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పోయినా, లేదా లిమిట్ ఎంతున్నా సరే 85 దాటినా రెక్‌లెస్ కిందే రాస్తారు. 2020 జూలై 1 వరకు ఆ 85 కూడా 80 గానే ఉండేది, పాత పోస్టుల్లో 80 అని కనపడేది అందుకే. ఇప్పుడు లెక్క చూడండి, వర్జీనియాలో హైవే మీద ఎక్కువలో ఎక్కువ లిమిట్ 70, అక్కడ 86 పోయారంటే మీ దృష్టిలో 16 మైళ్ళే ఎక్కువ, చట్టం దృష్టిలో మాత్రం క్లాస్ 1 మిస్‌డిమీనర్ (మిస్‌డిమీనర్ అంటే చిన్న తరహా క్రిమినల్ నేరం), ఆ స్టేట్‌లో మిస్‌డిమీనర్లన్నిట్లో పెద్దది, 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా ఫైన్, ఆరు నెలల దాకా లైసెన్స్ సస్పెన్షన్ వేసే అధికారం జడ్జికి ఉంటుంది. రోడ్డు ఖాళీగా ఉంది, లేన్ కూడా మారలేదు, రెక్‌లెస్ ఎలా అవుద్ది అంటే కుదరదు, నంబర్ దాటితే చాలు. మొదటిసారి దొరికి 86, 87 లో ఉన్నవాడిని జైల్లో వేయడం మామూలుగా జరగదు, భయపెట్టడానికి చెప్పట్లేదు, కానీ స్పీడ్ వంద దాకా పోతే మాత్రం జైలు మాట చాలా కోర్టుల్లో నిజంగానే వస్తుంది.

ఇంకో రకం ఉంది, ఎవరూ ఆపలేదు, రెండు మూడు వారాల తర్వాత ఫోటోతో సహా ఇంటికి లెటర్ వచ్చింది. మేరీలాండ్, వాషింగ్టన్ డీసీ కెమెరాలు ఇలా పంపుతుంటాయి. అది సివిల్, క్రిమినల్ కాదు, పాయింట్లు (డ్రైవింగ్ తప్పులకి లైసెన్స్ రికార్డు మీద వేసేవి) పడవు. దానికి లాయర్ అనవసరం, మీ కారే అయితే గడువు లోపల కట్టేయండి, మీది కాకపోతే అభ్యంతరం పెట్టే పద్ధతి ఆ లెటర్ మీదే ఉంటుంది.

కట్టేస్తే ఏమవుద్ది

మామూలు స్పీడింగ్ అయితే ఆన్‌లైన్‌లో కట్టే వీలు ఉంటుంది, కట్టడం అంటే గిల్టీ అని ఒప్పుకున్నట్టే, కోర్టు రికార్డులో కన్విక్షన్, అంటే తప్పు రుజువైంది అనే పడుతుంది. రెక్‌లెస్ అయితే అసలు ముందే కట్టే ఆప్షనే ఉండదు, కోర్టు తేదీ ఉంటుంది, ఆ రోజు మీరో మీ లాయరో అక్కడ ఉండాలి.

"పక్క స్టేట్ టికెట్ మన స్టేట్‌కి తెలీదు" అనేది మన గ్రూపుల్లో బాగా తిరిగే మాట. డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అని ఒక ఒప్పందం ఉంది, ఐదారు స్టేట్లు తప్ప అన్నీ అందులో ఉన్నాయి, మీకు పడిన కన్విక్షన్ మీ లైసెన్స్ ఇచ్చిన స్టేట్‌కి పోతుంది. నాన్ రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్ అని ఇంకోటి ఉంది, దాని ప్రకారం మీరు ఆ టికెట్‌ని పట్టించుకోకుండా వదిలేస్తే మీ స్టేటే మీ లైసెన్స్ సస్పెండ్ చేయొచ్చు. సంగతి తెలిసేది ఎప్పుడంటే ఇంకెక్కడో ఏదో చిన్న దానికి ఆపినప్పుడు. ఇక రెక్‌లెస్‌ని వదిలేసి కోర్టుకి వెళ్ళకపోతే అరెస్ట్ వారెంట్ కూడా రావచ్చు.

పాయింట్లు ఎన్ని పడతాయనేది మీ సొంత స్టేట్ లెక్క. న్యూజెర్సీ బయట స్టేట్ మూవింగ్ వయొలేషన్లకి 2 పాయింట్లు వేస్తుంది. న్యూయార్క్ అయితే బయట స్టేట్ స్పీడింగ్‌కి పాయింట్లు వేయదు, కెనడాలోని ఒంటారియో, క్యూబెక్‌లో పడినవాటికే వేస్తుంది. వర్జీనియా మాత్రం తన రికార్డులో రెక్‌లెస్‌కి 6 పాయింట్లు వేస్తుంది, ఆ కన్విక్షన్‌ని 11 ఏళ్ళు ఉంచుతుంది. పాయింట్లు లేవని సంబరపడకండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి వాళ్ళ లెక్కలు వేరే ఉంటాయి.

లాయర్ అవసరమా కాదా

అందరికీ అవసరం లేదు. రికార్డు క్లీన్‌గా ఉంది, 65 లో 76 కి రాశాడు, మామూలు స్పీడింగ్, మీరు న్యూయార్క్ లైసెన్స్ మీద ఉన్నారు, ఇలాంటప్పుడు లాయర్ ఫీజు ఫైన్ కన్నా ఎక్కువ అవుతుంది, నా మాట అడిగితే ఒకసారి ఫ్రీ కన్సల్టేషన్ తీసుకుని ఆయన పెద్దగా లాభం లేదంటే కట్టేసి మర్చిపోండి.

రెక్‌లెస్ అని రాసి ఉంటే మాత్రం లాయర్‌ని పెట్టుకోవాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. వీసా మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డ్ అయి సిటిజెన్‌షిప్‌కి వేయబోయేవాళ్ళు, ఇప్పటికే పాయింట్లు ఉన్నవాళ్ళు కూడా. సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) మీద ట్రక్ నడిపేవాళ్ళ సంగతి ఇంకా వేరు, మన పిల్లలు కొంతమంది ఈమధ్య ఆ లైన్‌లోకి వెళ్తున్నారు కాబట్టి చెప్తున్నా, సీడీఎల్ ఉన్నవాళ్ళకి కన్విక్షన్‌ని రికార్డులోకి రాకుండా దాచిపెట్టే ఏర్పాట్లు చేయకూడదని ఫెడరల్ రూలే ఉంది, సొంత కార్లో పోతున్నా సరే, కాబట్టి లాయర్‌కి ఫోన్ ఎత్తగానే మొదట చెప్పాల్సింది అదే.

ఎక్కడ వెతకాలి

మీ ఊళ్ళో లాయర్ వద్దు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఎంత పేరున్న లాయరైనా వర్జీనియా లైసెన్స్ లేకపోతే ఆ కోర్టులో నిలబడి మాట్లాడలేడు. వర్జీనియా లాయర్ అయితే చాలు అనుకోకండి, ఆ కౌంటీ లాయర్ కావాలి. ఫెయిర్‌ఫాక్స్‌లో ఆఫీసు ఉన్నాయనకి ఎంపోరియా ఉన్న గ్రీన్స్‌విల్ కౌంటీ కోర్టు అంటే మూడు గంటల డ్రైవ్, అక్కడి జడ్జి దేనికి మెత్తబడతాడో, దేనికి ఒప్పుకోడో ఆయనకి తెలిసే అవకాశం తక్కువ. ఈ కేసుల్లో మీరు డబ్బులిచ్చేది గొప్ప వాదన కోసం కాదు, ఆ కోర్టుని రోజూ చూసే మనిషి కోసం.

పెద్దగా వెతకక్కర్లేకుండానే కొంతమంది దొరుకుతారు, ఎందుకంటే వర్జీనియాలో ట్రాఫిక్ కేసులు పబ్లిక్ రికార్డు, టికెట్ పడిన కొన్ని రోజులకే మీ మెయిల్‌బాక్స్‌కి లాయర్ల దగ్గర్నుంచి కట్టలు కట్టలుగా లెటర్లు వస్తాయి. చూడగానే స్కామ్ అనుకుని చెత్తలో వేస్తారు చాలామంది. స్కామ్ కాదు, వాళ్ళు కోర్టు లిస్టు చూసి పంపే ప్రకటనలు. వాటిని పక్కన పెట్టి అడ్రస్ చూడండి, ఆ కౌంటీలో గానీ పక్క కౌంటీలో గానీ ఆఫీసు ఉన్నవాళ్ళవి మూడు నాలుగు తీసి ఉంచండి. లెటర్ వచ్చేది లైసెన్స్ మీద ఉన్న అడ్రస్‌కి, మీరు ఇల్లు మారి లైసెన్స్ మార్చకపోతే ఈ లెటర్లే కాదు కోర్టు పంపేవి కూడా పాత ఇంటికే పోతాయి.

ఆ పేర్లని వర్జీనియా స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, లైసెన్స్ ఉందా, గతంలో డిసిప్లిన్ చర్యలు ఏమైనా ఉన్నాయా అక్కడ కనపడుతుంది. పేర్లేమీ దొరక్కపోతే అదే బార్ వాళ్ళ లాయర్ రిఫరల్ సర్వీస్ ఉంది, చిన్న ఫీజు తీసుకుని ఒక లాయర్‌తో మాట్లాడిస్తారు.

కంపెనీలో పనిచేసేవాళ్ళు బెనిఫిట్స్ పేజీ ఒకసారి తెరవండి. ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో లీగల్ ప్లాన్ అని ఒకటి టిక్ పెట్టి మర్చిపోయి ఉంటారు, మెట్‌లైఫ్, ఆరాగ్ లాంటివాళ్ళ ప్లాన్లు, వాటిలో చాలావాటికి ట్రాఫిక్ టికెట్లు కవర్ అవుతాయి. మిస్‌డిమీనర్ కూడా కవర్ అవుద్దా, ఆ కౌంటీలో వాళ్ళ లిస్టులో లాయర్ ఉన్నాడా అని ఫోన్ చేసి అడగండి.

స్టూడెంట్స్‌కి చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఉంటుంది, మీ ఫీజుల్లోనే దాని డబ్బులు పోతుంటాయి. వాళ్ళు వేరే స్టేట్ కోర్టుకి రారు, కానీ సమన్స్ చదివి ఏంటో చెప్తారు, ఏం అడగాలో చెప్తారు, అదే చాలాసార్లు సగం భయం తీసేస్తుంది.

డబ్బుల్లేవు, రెక్‌లెస్ పడింది అంటే, జైలు శిక్షకి వీలున్న కేసు కాబట్టి ఆదాయం తక్కువని చూపిస్తే కోర్టే లాయర్‌ని ఇవ్వచ్చు. అయితే ఈ కేసులో జైలు ఉండదని కోర్టు ముందే తేల్చేస్తే ఆ లాయర్ ఇవ్వరు, మామూలు స్పీడింగ్‌కైతే అసలే ఇవ్వరు. మొదటి తేదీకి ముందే క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి అప్లికేషన్ ఎలా పెట్టాలో కనుక్కోండి. అమ్మా నాన్నల్లాంటి వాళ్ళకి ఇంగ్లీష్ రాక తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నా అడగాల్సింది అక్కడే, స్పానిష్ లాగా తెలుగువాళ్ళు ఆ రోజుకి ఆ రోజు దొరకరు కాబట్టి ముందే అడగాలి.

ఫోన్‌లో ఏం అడగాలి

ముగ్గురికైనా చేయండి, ఎక్కువమంది ఫోన్‌లో ఫ్రీగానే మాట్లాడతారు. సమన్స్ ముందు పెట్టుకోండి, ఫోటో తీసి పంపమంటారు.

ఈ కోర్టుకి మీరు ఎంత తరచుగా వెళ్తారు, చివరిసారి ఎప్పుడు వెళ్ళారు అని అడగండి. నా స్పీడ్‌కి, నా రికార్డుకి ఈ జడ్జి దగ్గర మామూలుగా ఏం జరుగుతుంది. నేను రావాలా, నా బదులు మీరు నిలబడితే సరిపోద్దా (చాలా కోర్టుల్లో స్పీడ్ మరీ ఎక్కువ కాకపోతే లాయర్ ఒక్కడే సరిపోతాడు, కానీ అది జడ్జి ఇష్టం). ఫ్లాట్ ఫీజేనా, కేసు వాయిదా పడితే మళ్ళీ ఎక్స్‌ట్రానా, అప్పీల్ అందులోనే ఉందా. కోర్టుకి మీరే వెళ్తారా, లేక ఆ రోజు ఇంకెవరినైనా పంపిస్తారా, ఈ చివరిది అడగడం మర్చిపోతారు, పెద్ద ప్రకటనలు ఇచ్చే ఆఫీసుల దగ్గర ఇది తప్పకుండా అడగాలి.

ఫీజు మామూలు రెక్‌లెస్‌కి కొన్ని వందల డాలర్లలో ఉంటుంది, స్పీడ్ పెరిగేకొద్దీ పెరుగుతుంది. అందరికన్నా తక్కువ చెప్పినవాడిని కాదు, మీ ప్రశ్నలకి సూటిగా చెప్పినవాడిని తీసుకోండి. "గ్యారంటీగా డిస్మిస్ చేయిస్తా" అన్నవాడి ఫోన్ అక్కడే పెట్టేయండి, ఏ లాయరూ రిజల్ట్‌కి గ్యారంటీ ఇవ్వకూడదు. "ఆఫీసర్ రాకపోతే కేసు పోద్ది" అన్న ధైర్యం కూడా వద్దు, కేసుల తేదీలు పెట్టేదే ఆ ఆఫీసర్ కోర్టుకి వచ్చే రోజు చూసుకుని.

కుదిరాక ఎంగేజ్‌మెంట్ లెటర్ (లాయర్‌తో మీ ఒప్పందం కాగితం) రాతపూర్వకంగా తీసుకోండి. దాచకుండా చెప్పండి ఆయనకి, ఇంతకుముందు టికెట్లు, ఆఫీసర్‌తో మీరన్న మాటలు ("అవునండీ 90 పోతున్నా" అని మీరే చెప్పి ఉంటే అది ఆఫీసర్ నోట్స్‌లో ఉంటుంది), వీసా స్టేటస్, అన్నీ. అవి ఆయన దగ్గరే ఉంటాయి.

లాయర్ మీ చేత చేయించే పనులు

మీ స్టేట్ నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పించమంటాడు. ఎనిమిది గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ కోర్స్ చేయమనొచ్చు, ఏ కోర్స్‌ని ఆ జడ్జి ఒప్పుకుంటాడో లాయర్‌ని అడిగాకే డబ్బులు కట్టండి. ఇంకోటి స్పీడోమీటర్ కాలిబ్రేషన్, షాపులో కారుని పరీక్ష చేయించి మీటర్ తక్కువ చూపిస్తోందని కాగితం తెస్తే వర్జీనియా కోర్టుల్లో దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు, 87 కాస్తా మీ మీటర్‌లో 83 అని తేలితే జడ్జికి తగ్గించడానికి ఒక ఆధారం దొరుకుతుంది. టైర్ల సైజు మార్చిన పాత కార్లకి ఇది బాగా పనికొస్తుంది. రెంటల్ కారైతే వదిలేయండి.

వీటితో ఆయన అడిగేది ఏంటంటే రెక్‌లెస్‌ని మామూలు స్పీడింగ్‌కి గానీ, ఇంప్రాపర్ డ్రైవింగ్‌కి గానీ దించమని. ఇంప్రాపర్ డ్రైవింగ్ అంటే 500 డాలర్ల దాకా ఫైన్, 3 పాయింట్లు, కానీ మిస్‌డిమీనర్ కాదు, క్రిమినల్ రికార్డు ఉండదు. ఇంకా అదృష్టం ఉంటే డిఫెక్టివ్ ఎక్విప్‌మెంట్‌కి (కారులో ఏదో భాగం సరిగ్గా లేదనే చిన్న తప్పు) దించుతారు, అది స్పీడింగ్ కిందే రాదు.

మధ్యలో కేసు ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు, వర్జీనియా కోర్టుల సైట్‌లో జనరల్ డిస్ట్రిక్ట్ కోర్ట్ కేసులు పేరుతో ఫ్రీగా వెతకొచ్చు. మన పేర్లతో ఒక గొడవుంది, ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ లేక లైసెన్స్ మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడిందా, ఆఫీసర్ ఎలా ఎక్కించాడో అలాగే ఉంటుంది, ఒకలా దొరక్కపోతే తిరగేసి కొట్టండి. దొరకలేదు కాబట్టి కేసు లేదని మాత్రం అనుకోవద్దు.

వీసా సంగతి

స్పీడ్ వల్ల వచ్చిన రెక్‌లెస్ సాధారణంగా డిపోర్ట్ చేసే రకం నేరం కాదు. కానీ వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160 లో అరెస్ట్ అయ్యారా, ఏదైనా నేరంలో కన్విక్షన్ పడిందా అని అడుగుతారు, మిస్‌డిమీనర్ కన్విక్షన్ ఉంటే అక్కడ ఎస్ అనాల్సిందే, తగ్గించుకుని మామూలు స్పీడింగ్ చేసుకోవడానికి లాయర్‌కి డబ్బులు పెట్టేది ముఖ్యంగా ఇందుకే. సిటిజెన్‌షిప్ అప్లికేషన్ ఎన్-400 లో సైటేషన్ల (టికెట్లలాంటివి) గురించి కూడా అడుగుతారు. 2025 ఏప్రిల్‌లో స్టూడెంట్స్ సెవిస్ రికార్డులు (స్టూడెంట్ వీసా స్టేటస్ చూపించే ప్రభుత్వ రికార్డులు) మూకుమ్మడిగా రద్దయినప్పుడు వాటిలో ట్రాఫిక్ కేసులే ఉన్నవాళ్ళు కూడా ఉన్నారని వార్తలొచ్చాయి, ఆ నెలాఖర్లో చాలావరకు తిరిగి ఇచ్చారు, అయినా అప్పట్నుంచి ఇది చిన్న విషయం అని ఎవరూ అనట్లేదు. ట్రాఫిక్ లాయర్‌కి ఇమ్మిగ్రేషన్ అంతా తెలియాలని లేదు, ఆయన కేసు ముగించేముందే, అంటే ఏ ఛార్జ్‌కి ఒప్పుకోబోతున్నారో తెలిశాక, ఒక ఇమ్మిగ్రేషన్ అటార్నీతో అరగంట మాట్లాడండి. ముగిశాక మాట్లాడితే లాభం తక్కువ.

వేరే స్టేట్లలో తేడా

నార్త్ కరోలినాలో లిమిట్ కన్నా 15 దాటి, 55 పైన పోతూ దొరికితే కన్విక్షన్‌తో పాటు 30 రోజులు లైసెన్స్ రద్దు ఉంటుంది, అక్కడ లాయర్లు మామూలుగా మీరు రాకుండానే డీఏతో (ప్రభుత్వం తరఫు లాయర్) మాట్లాడి ఇంప్రాపర్ ఎక్విప్‌మెంట్‌కి దించే ప్రయత్నం చేస్తారు. జార్జియాలో సూపర్ స్పీడర్ చట్టం ఉంది, 2010 నుంచి, ఎక్కడైనా 85 కి గానీ ఆపైన గానీ, రెండు లేన్ల రోడ్డు మీద 75 కి గానీ ఆపైన గానీ పోతే కోర్టు ఫైన్ కాకుండా స్టేట్ నుంచి 200 డాలర్లకి విడిగా ఇంకో లెటర్ వస్తుంది, ఫైన్ కట్టేశాం కదా అని దాన్ని వదిలేస్తే లైసెన్స్‌కి ఎసరు. అక్కడ లాయర్ చేసే ముఖ్యమైన పని ఆ నంబర్‌ని గీత కిందకి తీసుకురావడం.

కోర్టు రోజు, ఆ తర్వాత

మీరే వెళ్తుంటే తొమ్మిదికి అంటే ఎనిమిదిన్నరకి అక్కడ ఉండండి, ఫోన్ లోపలికి అనుమతిస్తారో లేదో ముందే అడగండి, కొన్ని కోర్టుల్లో గేటు దగ్గరే ఆపేస్తారు, కారులో పెట్టి రావాలి. లాయర్ ఒక్కడే వెళ్తే సాయంత్రంలోగా ఫోన్‌తో పాటు ఈమెయిల్ కూడా పెట్టమనండి, ఏ ఛార్జ్, ఎంత ఫైన్, ఎప్పటిలోగా కట్టాలి అన్నది రాతలో ఉండాలి. ఫైన్, కోర్ట్ కాస్ట్స్ గడువులోగా కట్టేయండి.

ఫలితం నచ్చకపోతే పది రోజుల్లో పై కోర్టు అయిన సర్క్యూట్ కోర్టుకి అప్పీల్ చేయొచ్చు, అక్కడ కేసు మొదట్నుంచి మళ్ళీ వింటారు, ఆ పది రోజులు దాటితే అంతే. తర్వాత క్లర్క్ దగ్గర్నుంచి డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) సర్టిఫైడ్ కాపీలు రెండు తెప్పించుకోండి, కొన్ని డాలర్లే, ఒకటి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి, ఎందుకంటే ఏళ్ళ తర్వాత కాన్సులేట్ అడిగినప్పటికి కోర్టుల్లో పాత ఫైళ్ళు తీసేసి ఉంటాయి. రెండు నెలలయ్యాక మీ స్టేట్ డ్రైవింగ్ రికార్డు మళ్ళీ తెప్పించి చూడండి, కోర్టులో దించిన ఛార్జే అక్కడ పడిందా లేక పాతదే పడిందా అని. తేడా ఉంటే ఆ సర్టిఫైడ్ కాపీ రెండోది తీసి మీ డీఎంవీకి పంపండి.